కాలేయ సిరోసిస్‌తో జీవనం: మర్దన ఎప్పుడు మేలు, ఎప్పుడు ముప్పు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• సిరోసిస్‌లో కాలేయానికి ఏం జరుగుతుందో వివరించగలుగుతారు.
• సిరోసిస్‌లోని రెండు దశలను గుర్తించగలుగుతారు.
• మర్దన వల్ల రోగికి కలిగే మేలును, కలగగల హానిని వేరు చేసి చెప్పగలుగుతారు.
• మర్దనకు ముందు అడగవలసిన ప్రశ్నలను, పాటించవలసిన జాగ్రత్తలను ఇంట్లో వారికి తెలియజేయగలుగుతారు.

7.1 ప్రస్తావన

కాళ్లు పట్టడం, ఒళ్లు పట్టడం, తలంటడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న సేవలు. పొలం నుంచి అలసి వచ్చిన తండ్రికి పిల్లలు కాళ్లు పడతారు. బాలింతకు, పసిబిడ్డకు నూనె రాసి నలుగు పెడతారు. క్షౌరశాలలో జుట్టు కత్తిరించాక తల, మెడ మర్దన చేయడం పరిపాటి. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరు ఎముకల కట్టుకు పేరుపడిన ఊరు. ఎముక విరిగినవారు ఇరుగు పొరుగు రాష్ట్రాల నుంచి కూడా అక్కడికి వస్తుంటారు. అందుచేత కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో చేతివైద్యంపై ప్రజలకు నమ్మకం ఉండటం సహజం.

ఇలాంటి ఇంట్లో ఒకరికి సిరోసిస్ అని తేలినప్పుడు రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు ‘పొట్ట గట్టిపడింది, నీరు చేరింది, బాగా తోమితే దిగిపోతుంది’ అనుకుంటారు. మరికొందరు భయపడి, రోగిని తాకడమే మానేస్తారు. మొదటిది ప్రాణానికి ముప్పు. రెండోది రోగి మనసును కుంగదీస్తుంది. మర్దన చేయవచ్చా, కూడదా అన్నది రోగి కాలేయం ఏ దశలో ఉందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ భాగంలోని చర్చ అంతా ఈ ఒక్క విషయం చుట్టూ సాగుతుంది.

7.2 కాలేయం, సిరోసిస్

కాలేయం పొట్టలో కుడివైపున, పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు సుమారు 1.5 కిలోలు. పేగుల నుంచి రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరుతుంది. కాలేయానికి అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ దారినే వస్తుంది. కాలేయం చేసే అనేక పనులలో మన చర్చకు నాలుగు ముఖ్యమైనవి:

1. ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను తయారు చేయడం. రక్తంలోని నీరు రక్తనాళాలలోనే నిలిచి ఉండటానికి ఇది తోడ్పడుతుంది.
2. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లను తయారు చేయడం.
3. పేగులలో పుట్టే అమ్మోనియాను యూరియాగా మార్చి, మెదడుకు హాని కలగకుండా చూడడం.
4. మనం మింగిన మందులను, మూలికలను మార్పు చెందించి బయటికి పంపడం.

ఏళ్ల తరబడి దెబ్బతింటూ వచ్చిన కాలేయంలో మెత్తని కణజాలం స్థానంలో మచ్చ కణజాలం ఏర్పడుతుంది. మిగిలిన కణాలు చిన్న చిన్న గడ్డలుగా పెరుగుతాయి. కాలేయం గరుకుగా, గట్టిగా మారుతుంది. దీనినే సిరోసిస్ అంటారు. 1819లో ఫ్రెంచి వైద్యుడు రెనె లెనెక్ ఈ పేరు పెట్టారు. స్టెతస్కోప్‌ను కనుగొన్నది కూడా ఆయనే. ఇలాంటి కాలేయం పసుపు, గోధుమ కలిసిన వన్నెలో కనిపించడంతో, ఆ రంగును తెలిపే గ్రీకు పదం నుంచి ఈ పేరును తీసుకున్నారు.

దీనికి ముఖ్య కారణాలు దీర్ఘకాలం మద్యం తాగడం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మధుమేహం, ఊబకాయాలతో వచ్చే కొవ్వు కాలేయం. కాబట్టి సిరోసిస్ వచ్చిన ప్రతివారూ తాగుబోతులే అనుకోవడం అన్యాయం. హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో ఈ టీకాను దేశీయంగా తయారు చేసి తక్కువ ధరకు అందించింది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన ఈ సంస్థ కృషి తెలుగువారు గుర్తుంచుకోదగినది.

7.3 రెండు దశలు

సిరోసిస్‌ను వైద్యులు రెండు దశలుగా చూస్తారు.

నిలకడ దశ: మచ్చలు పడినా, మిగిలిన కాలేయం పనిని నెట్టుకొస్తుంది. రోగికి కొద్దిపాటి నీరసం తప్ప మరేమీ తెలియకపోవచ్చు. వైద్యులు దీనిని కాంపెన్సేటెడ్ సిరోసిస్ అంటారు.

క్షీణ దశ: కాలేయం ఇక పనిని నెట్టుకురాలేదు. పొట్టలో నీరు చేరడం (జలోదరం), కళ్లు పచ్చబడటం, రక్తపు వాంతి, మతి తప్పడం వంటి లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఈ దశ వచ్చినట్లే. వైద్యులు దీనిని డీకాంపెన్సేటెడ్ సిరోసిస్ అంటారు.

గట్టిపడిన కాలేయం గుండా రక్తం సాఫీగా పోలేదు. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. కాలువకు అడ్డుకట్ట పడితే నీరు గట్లు తెంచుకుని పక్క దారులు వెతుక్కున్నట్లే, ఈ రక్తం కూడా అన్నవాహిక చుట్టూ ఉన్న సన్నని సిరలలోకి మళ్లుతుంది. అవి ఉబ్బి, పలచబడి, ఒక్కొక్కసారి చిట్లుతాయి. ప్లీహం పెద్దదై ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుతుంది. దానితో రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. ఆరోగ్యవంతుల్లో ఒక మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) ఆల్బుమిన్ తగ్గితే శరీరంలో ఏ మార్పు కనిపిస్తుంది?
ఆ) నిలకడ దశలో ఉన్న రోగిని చూడగానే గుర్తుపట్టలేకపోవడానికి కారణమేమిటి?

7.4 మర్దన చేయగలిగినది, చేయలేనిది

ఏ మర్దనా కాలేయంలోని మచ్చలను కరిగించలేదు, పోర్టల్ సిరలోని ఒత్తిడిని తగ్గించలేదు, ‘విషాలను’ బయటికి తోడలేదు. పొట్టలో నీరు చేరడానికి కారణాలు పోర్టల్ సిరలోని ఒత్తిడి, ఆల్బుమిన్ లోపం, మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచడం. చేతితో ఒత్తినంత మాత్రాన వీటిలో ఏ ఒక్కటీ మారదు.

సుశ్రుత సంహితలో జలోదరానికి చెప్పిన చికిత్సను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పొట్టకు రంధ్రం చేసి గొట్టం ద్వారా నీటిని తీయాలనీ, ఆ నీటినంతా ఒకే రోజున తీయరాదనీ అందులో ఉంది. నేటి ఆసుపత్రులలో కూడా 5 లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, రక్తపోటు పడిపోకుండా, మూత్రపిండాలు దెబ్బతినకుండా సిర ద్వారా ఆల్బుమిన్ ఎక్కిస్తారు. ప్రాచీన వైద్యుడు కూడా ఈ నీటి విషయంలో తొందరపాటు వద్దన్నాడు. ‘పాత పద్ధతి’ పేరుతో పొట్ట తోమేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

అయితే మర్దన వల్ల మేలు లేదని దీని అర్థం కాదు. మృదువైన స్పర్శ కండరాల బిగువును సడలిస్తుంది, ఆందోళనను తగ్గిస్తుంది, కొందరికి నిద్ర పట్టేలా చేస్తుంది. సిరోసిస్ రోగులకు రాత్రిపూట పిక్కలు పట్టేయడం తరచుగా జరుగుతుంది. అప్పుడు పాదాన్ని మెల్లగా పైకి వంచి, పిక్కను సాగదీసి పట్టుకుంటే ఉపశమనం కలుగుతుంది.

చికిత్సకు, సంరక్షణకు ఉన్న తేడా ఈ ప్రాంతానికి కొత్తది కాదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో క్షయ శానిటోరియం వెలిసింది. క్షయకు మందు లేని ఆ రోజుల్లో రోగులకు అక్కడ విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం, కనిపెట్టుకుని ఉండే మనుషులు దొరికేవారు. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్న తరువాత క్షయకు మందుల శకం మొదలైంది. మందులు వచ్చాక కూడా సంరక్షణ అవసరం తీరిపోలేదు. అదే విధంగా మందుల అవసరం సంరక్షణతో తీరదు. సిరోసిస్ రోగికి మర్దన సంరక్షణ కోవకు చెందినది. దానిని చికిత్స స్థానంలో పెట్టరాదు.

7.5 ప్రమాదం ఎక్కడుంది?

రక్తస్రావం: ప్లేట్‌లెట్లు, గడ్డకట్టే ప్రోటీన్లు తక్కువగా ఉన్నవారిని గట్టిగా పిసికితే చర్మం కింద నల్లగా కమిలిపోతుంది. కండరం లోపల రక్తం చేరవచ్చు.

రక్తపు గడ్డలు: సిరోసిస్‌లో రక్తం పలచబడుతుంది కాబట్టి సిరలలో గడ్డలు కట్టవు అనుకోవడం సరికాదు. ఈ రోగులలో కాలి సిరలలోనూ, పోర్టల్ సిరలోనూ గడ్డలు ఏర్పడవచ్చు. ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ కాలిని మర్దించకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

పొట్ట: నీరు చేరిన పొట్టనూ, పెద్దదైన ప్లీహాన్నీ, పొంగిన బొడ్డునూ ఒత్తకూడదు. జలోదరం ఉన్నవారిలో బొడ్డు దగ్గర హెర్నియా రావడం మామూలే. దానిని గట్టిగా లోపలికి నొక్కడానికి ఎవరూ ప్రయత్నించరాదు.

చర్మం: పైత్యరసంలోని పదార్థాలు రక్తంలో పేరుకోవడం వల్ల దురద పుడుతుంది. గోళ్లతో గీరిన చర్మం మీద, నీరు పట్టి మెరుస్తున్న కాళ్ల మీద రాపిడి పడితే పుండ్లు పడి చీము పట్టవచ్చు.

ఎముకలు: సిరోసిస్‌లో ఎముకలు గుల్లబారే అవకాశం ఎక్కువ. వెన్ను మీద తొక్కించుకోవడం, మెడ విరిపించుకోవడం, కీళ్లను లాగించుకోవడం పూర్తిగా మానాలి.

మెదడు: అమ్మోనియా వంటి పదార్థాలు పేరుకుంటే రోగి పగలు నిద్రపోతూ, రాత్రి మేలుకుంటాడు. మాట తడబడుతుంది, చేతులు చాచితే రెక్కల్లా అల్లాడతాయి. దీనిని గాలి సోకిందనో, నీరసమనో భావించి తలంటడం, మర్దన చేయడం వల్ల విలువైన సమయం పోతుంది. మతి స్థిమితం లేని రోగి నొప్పి అయినా చెప్పలేడు.

వేడి, విరేచనం: ఆవిరి స్నానం వల్ల చెమట, విరేచన ఔషధాల వల్ల నీరు శరీరం నుంచి పోతాయి. క్షీణ దశలో ఈ నష్టం వల్ల మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, మతి తప్పవచ్చు. మర్దనతో పాటు వీటిని కూడా చేసే చోట రోగి ముందుగానే వద్దని చెప్పాలి.

7.6 మర్దనకు ముందు అడగవలసిన ప్రశ్నలు

వైద్యుణ్ణి అడగవలసినవి:
1. నా వ్యాధి నిలకడ దశలో ఉందా, క్షీణ దశలోనా?
2. నా ప్లేట్‌లెట్లు ఎన్ని? రక్తం గడ్డకట్టే పరీక్ష ఎలా ఉంది?
3. ఎండోస్కోపీలో ఉబ్బిన సిరలు కనిపించాయా?
4. నా కాళ్లు, చేతులు, వీపు మెల్లగా పట్టించుకోవచ్చా?

మర్దన చేసేవారు రోగిని అడగవలసినవి:
1. పొట్టలో నీరు తీయించుకున్నారా? ఎక్కడ సూది వేశారు? (ఆ చోటును తాకరాదు.)
2. ఈ మధ్య వాంతిలో, విరేచనంలో రక్తం కనిపించిందా? జ్వరం ఉందా?
3. ఏ మందులు వాడుతున్నారు?

కుప్పంలోని పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి, తిరుపతిలోని స్విమ్స్, రుయా ఆసుపత్రులు, రాష్ట్ర సరిహద్దుకు ఆవలి వేలూరులోని సి.ఎం.సి. ఈ ప్రాంతం వారికి తెలిసిన పెద్ద ఆసుపత్రులు. పరీక్షకు వెళ్లిన రోజునే పై నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని వెళ్తే, మళ్లీ ప్రయాణం చేయనక్కరలేదు.

7.7 సురక్షితమైన విధానం

ఒత్తిడి: చర్మానికి నూనె సమంగా రాయడానికి ఎంత ఒత్తిడి చాలునో అంతే వాడాలి. రోగి చర్మం కదలవచ్చు గాని, కింది కండరం నలగకూడదు. నిలకడ దశలో ఉండి, ప్లేట్‌లెట్లు బాగున్నవారికి వైద్యుని అనుమతితో దీనికంటే కొంచెం ఎక్కువ ఒత్తిడి వాడవచ్చు.

చోటు: చేతులు, భుజాలు, తల, వీపు పైభాగం, వాపు లేని పాదాలు. పొట్టను, కుడి పక్కటెముకల కింది భాగాన్ని వదిలేయాలి.

భంగిమ: బోర్లా పడుకోబెట్టకూడదు. పొట్టలో నీరున్నవారికి వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంది. వెనుక దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్లుగా గాని, పక్కకు తిరిగి గాని ఉంచాలి.

సమయం: 15 నుంచి 20 నిమిషాలు చాలు. భోజనం చేసిన వెంటనే వద్దు. ప్రొప్రనొలోల్, కార్వెడిలోల్ వంటి మందులు వాడేవారికి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. కాసేపు కూర్చోబెట్టి, తరువాత నిలబెట్టాలి.

పరిశుభ్రత: హెపటైటిస్ బి, సి గాయం లేని చర్మాన్ని తాకినంత మాత్రాన అంటుకోవు. అవి రక్తం ద్వారా వ్యాపిస్తాయి. మర్దన చేసేవారి చేతులకు పగుళ్లు ఉన్నా, రోగి చర్మం మీద గాయాలు ఉన్నా చేతి తొడుగులు వాడి, గాయాన్ని వదిలి మర్దన చేయాలి. ఒకరి బ్లేడును మరొకరికి వాడరాదు.

7.8 నూనెలు, పసర్లు, నొప్పి మందులు

కొబ్బరి నూనె వంటి సాదా నూనె చాలు. ఘాటైన బామ్‌లు, మంట పుట్టించే లేపనాలు పలచబడిన చర్మానికి పడవు. పేరు తెలియని మూలికా తైలాలకు దూరంగా ఉండటం మంచిది.

మర్దన చేసేవారు కొన్నిసార్లు లోపలికి పుచ్చుకోమని పసరో, చూర్ణమో ఇస్తారు. కామెర్లకు నేలఉసిరి పసరు తాగే అలవాటు మన పల్లెల్లో ఉంది. కొన్ని రకాల కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. సిరోసిస్ కామెర్లు అలా తగ్గేవి కావు. కోవిడ్ కాలంలో తిప్పతీగను రోజూ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు 2021లో వెల్లడించారు. మొక్క నుంచి వచ్చిందంటే హాని చేయదని అర్థం కాదు.

ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు ఈ రోగులలో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, రక్తస్రావానికి దారి తీస్తాయి. నొప్పికి ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది వైద్యుడే చెప్పాలి.

7.9 ఒక ఉదాహరణ

కలికిరి దగ్గరి ఒక పల్లెలో 55 ఏళ్ల రైతు ఉన్నాడనుకుందాం. పొట్టలో నీరు చేరి, రెండు వారాల క్రితం ఆసుపత్రిలో తీయించుకున్నాడు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, నిద్ర లేదు. పొరుగాయన సలహా ఇచ్చాడు: ‘మామా, మా ఊళ్లో ఒకాయన పొట్ట బాగా తోముతాడు. మూడు పూటల్లో నీళ్లు దిగిపోతాయి.’

అతని కూతురు దూరవిద్యలో చదువుతున్న విద్యార్థిని. ఆమె పొరుగాయనతో వాదనకు దిగలేదు. ‘నాయనా, డాక్టరు పొట్ట మీద చెయ్యి వేయొద్దన్నాడు. నేను కాళ్లూ చేతులూ మెల్లగా పడతా. నొప్పి పుడితే వెంటనే చెప్పు’ అంది. మర్దన మొదలుపెట్టే ముందు రెండు కాళ్లనూ పోల్చి చూసింది. వాపు రెండింటికీ సమంగా, కొద్దిగానే ఉంది, వేడి లేదు. వాపు ఉన్న మడమలను వదిలి పాదాలకు, చేతులకు, భుజాలకు కొబ్బరి నూనె రాసింది. పిక్క పట్టేసినప్పుడు ఒత్తకుండా పాదాన్ని పైకి వంచి పట్టుకుంది.

నాలుగో రోజు తండ్రి పగలంతా మగతగా పడి ఉన్నాడు. కూతురి పేరు పిలవబోయి తడబడ్డాడు. ఆమె ఆ రోజు నూనె గిన్నె తీయలేదు, 108కి ఫోన్ చేసింది. ఈ ఉదాహరణలో ఆమె చేసిన మంచి పనులలో మర్దన ఒకటి. మర్దన ఆపవలసిన రోజును గుర్తించడం అంతకంటే గొప్ప పని.

7.10 రోజువారీ జీవనం, ఆపద సూచనలు

మద్యం చుక్క కూడా ముట్టరాదు. సిరోసిస్ వచ్చాక మానినా ఆయుష్షు పెరుగుతుంది. జలోదరం ఉన్నవారు రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించకుండా చూసుకోవాలి. అంటే ఊరగాయలు, అప్పడాలు, ఒడియాలు పక్కన పెట్టాలి. రాగి సంగటి తినవచ్చు, దానితోపాటు పప్పు, పెరుగు, గుడ్డు కూడా ఉండాలి. సిరోసిస్‌లో కండ కరిగిపోతుంది కాబట్టి పథ్యం పేరుతో మాంసకృత్తులు మానేయడం హానికరం. రాత్రి పడుకోబోయే ముందు కొద్దిగా ఏదైనా తినడం మంచిది. కాలేయ క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవడానికి 6 నెలలకొకసారి స్కానింగ్ చేయించుకోవాలి. కాలేయ మార్పిడి అవసరమైన వారి కోసం రెండు తెలుగు రాష్ట్రాలలో జీవన్‌దాన్ అవయవదాన పథకం ఉంది.

కింది వాటిలో ఏది కనిపించినా మర్దన ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి:
• రక్తపు వాంతి, తారులాంటి నల్లని విరేచనం
• మగత, తికమక, మాట తడబాటు
• పొట్టలో నీరు ఉండగా జ్వరం లేదా కడుపునొప్పి
• మూత్రం బాగా తగ్గిపోవడం
• ఒక కాలి వాపు, హఠాత్తుగా ఆయాసం

7.11 సారాంశం

సిరోసిస్‌లో కాలేయం మచ్చలు పడి గట్టిపడుతుంది. దానివల్ల పోర్టల్ సిరలో ఒత్తిడి, రక్తస్రావం, జలోదరం, మతి తప్పడం వంటి ఇబ్బందులు వస్తాయి. మర్దన వీటిలో దేనినీ నయం చేయదు. నిలకడ దశలో వైద్యుని అనుమతితో చేసే మృదువైన మర్దన హాయినిస్తుంది. క్షీణ దశలో నూనె రాసేంత ఒత్తిడితో, ఎంచుకున్న చోట్లలో మాత్రమే చేయాలి. పొట్టను ఏ దశలోనూ ఒత్తరాదు. ఆపద సూచనలు కనిపించిన రోజున మర్దన చేయనే కూడదు.

7.12 మీ ప్రగతిని సరిచూసుకోండి: మాదిరి జవాబులు

1. అ) నీరు రక్తనాళాలలో నిలవక కాళ్లలోకి, పొట్టలోకి చేరి వాపు వస్తుంది.
ఆ) మిగిలిన కాలేయ భాగం పనిని నెట్టుకురావడం వల్ల లక్షణాలు పైకి కనిపించవు.

7.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. సిరోసిస్ రోగికి మర్దన వల్ల కలగగల ప్రమాదాలను కారణాలతో వివరించండి.
2. ‘మర్దన సంరక్షణే గాని చికిత్స కాదు’ – చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. నిలకడ దశ, క్షీణ దశల మధ్య తేడాలను తెలపండి.
2. మీ ఊరిలో నూనె మర్దన చేసేవారికి సిరోసిస్ గురించి మీరు చెప్పదలచిన ఐదు జాగ్రత్తలను రాయండి.